కార్డు మీద ‘ఊబకాయం’ అని రాశారు, నమ్మాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. మాది కావలి. మా వాడు ప్రైవేటు స్కూల్లో అయిదో తరగతి. ఇంకో రెండు నెలల్లో పదకొండేళ్లు నిండుతాయి. నెల కిందట ఒక ఆసుపత్రి వాళ్లు స్కూల్లో హెల్త్ క్యాంపు పెట్టి ఇంటికి కార్డు పంపారు. వయసు 10, ఎత్తు 136, బరువు 43, బీఎంఐ 23.2 అని రాసి, ఎదురుగా ఎర్ర ఇంకుతో ‘ఊబకాయం’ అని పెట్టారు. కార్డు వెనక బరువు తగ్గించే ప్యాకేజీకి డిస్కౌంట్ కూపన్ కూడా ఉంది. టీచరు ఆ కార్డులు పంచుతూ క్లాసులో పైకి చదివిందంట. ఆ రోజు నుంచి వాణ్ణి అందరూ ‘బోండా’ అంటున్నారు. రాత్రి అన్నం వద్దంటున్నాడు. బాక్సులో పెట్టిన గుడ్డు పక్కవాడికి ఇచ్చేస్తున్నాడు. మా అత్తగారేమో పిలకాయల్ని అట్లా తూకాలు వేస్తే దిష్టి తగలదా అంటారు. మా ఆయన ఇంట్లో మళ్లీ కొలిస్తే ఎత్తు 139 వచ్చింది, బియ్యం కొట్టు కాటా మీద బరువు 42 వచ్చింది. అంతా బోగస్ అని కార్డు చించబోయాడు. ఇంతలో వాట్సాప్‌లో ఒక పేపరు కటింగ్ వచ్చింది, జిల్లాలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి ఊబకాయం అని. నాకు టెన్షన్‌గా ఉంది. ఏది నమ్మాలి?
ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, ముందు ఆ కార్డు చించనివ్వకండి. దాంట్లోని అంకెల మీద నాకూ అనుమానాలున్నాయి గానీ, పారేయాల్సిన కాగితం మాత్రం కాదు.

ఎత్తుతో మొదలుపెడదాం. బీఎంఐ లెక్క ఎట్లా కడతారంటే, కిలోల బరువును మీటర్లలో ఎత్తుతో భాగిస్తారు, వచ్చినదాన్ని మళ్లీ అదే ఎత్తుతో భాగిస్తారు. కాబట్టి ఎత్తులో దొర్లిన తప్పు లెక్కలో రెండుసార్లు పడుతుంది. క్యాంపు అంకెలకు 23.2 వస్తే, మీ ఇంటి అంకెలకు 21.7 వస్తుంది. నెలలో ఏ పిల్లవాడూ మూడు సెంటీమీటర్లు సాగడు. ఈ వయసులో ఏడాదంతా కలిపితే అయిదారు సెంటీమీటర్లు పెరుగుతారు. అంటే రెండు టేపుల్లో ఒకటి తప్పు.

ఏది తప్పో చూడకుండా తీర్పు చెప్పను గానీ, నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ప్రకాశం జిల్లాలో ఒక మండల కేంద్రంలో స్కూలు క్యాంపుకు వెళ్లాను. గోడకు కాగితం టేపు అంటించారు. పొద్దున్నుంచి పిల్లలు వరసగా వచ్చి నిలబడుతున్నారు, ఒకరు అంకె అరుస్తున్నారు, నేను కార్డులు నింపుతున్నాను. మధ్యాహ్నం అదే గోడ పక్కన కూర్చుని క్యారేజీ విప్పుతుంటే అప్పుడు కనబడింది. గోడ అడుగున చెమ్మకు టేపు అంటుకోలేదని, రెండు వేళ్ల ఎత్తు వదిలేసి పైనుంచి అంటించారు. సున్నా నేల మీద లేదు, గాల్లో ఉంది. అప్పటికి నేను సంతకం పెట్టిన ప్రతి పిల్లవాడూ కార్డులో మూడు సెంటీమీటర్లు పొట్టి, ఆ మేరకు లావు. మధ్యాహ్నం నుంచి టేపు సరిచేశాం గానీ పొద్దున నింపిన కార్డులు అప్పటికే ఇళ్లకు వెళ్లిపోయాయి. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది.

బరువులో వచ్చిన కిలో తేడాను నేను పట్టించుకోను. బూట్లు, బెల్టు, మధ్యాహ్నం తిన్న అన్నం, తాగిన నీళ్లు కలిస్తే కిలో ఎక్కడికీ పోదు.

వయసు దగ్గర ఇంకో మెలిక ఉంది. పెద్దవాళ్లకైతే ఇరవై అయిదేళ్లయినా యాభై ఏళ్లయినా బీఎంఐకి ఒకటే గీత. పిల్లలకు ఆ గీత నెలనెలా జరుగుతూ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో మగపిల్లవాడికి సరిగ్గా పదేళ్లు నిండినప్పుడు ఊబకాయం గీత 21.4 దగ్గర ఉంటుంది, పదకొండు నిండేసరికి 22.5కి చేరుతుంది. కార్డులో వయసు ‘10’ అని మాత్రమే రాశారు. మీ ఇంటి కొలత 21.7ను పదేళ్ల గళ్లో చూస్తే మీవాడిది ఊబకాయం. వాడి అసలు వయసుకు గీత 22 దాటుతుంది కాబట్టి అక్కడ చూస్తే అధిక బరువు, అంటే ఊబకాయానికి ఒక మెట్టు కింద. పిల్లవాడు అదే పిల్లవాడు, నెలలు లెక్కపెట్టారా లేదా అన్నదే తేడా. అన్నట్టు, వాడి స్కూలు రికార్డులో ఉన్నది అసలు పుట్టినరోజేనా? ఒకటో తరగతిలో చేర్చడానికి వయసు చాలక కొన్ని నెలలు ముందుకు జరిపించిన తేదీలు మన స్కూలు రిజిస్టర్ల నిండా ఉంటాయి. మా తరంలో సగం మందికి అధికారికంగా పుట్టినరోజు జూన్‌లోనో జులైలోనో వస్తుంది. పెన్షన్‌కు ఇబ్బంది లేదు గానీ ఈ లెక్కకు ఇబ్బందే.

ఇక ఆ గీత ఎవరు గీశారన్నది అసలు సంగతి. మీ నెల్లూరులో పుట్టి వడ్లు అంటే 850 కిలోలు. ఊరు మారితే పుట్టి బరువూ మారుతుంది, ఎక్కడి పుట్టి అని అడక్కుండా బేరం ఒప్పుకునే రైతు ఉండడు. ‘ఊబకాయం’ అన్న మాటను మాత్రం మనం ఎవరి లెక్క ప్రకారం అని అడక్కుండానే తీసేసుకుంటాం. పిల్లల డాక్టర్ల దగ్గర ఈ మాటకు నాలుగైదు కొలబద్దలు వాడుకలో ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో అయిదు నుంచి పందొమ్మిదేళ్ల వాళ్లకు ఒక పట్టిక ఇచ్చింది, దాని పునాది 1977 నాటి అమెరికా పిల్లల లెక్కలు. అయిదేళ్ల లోపు వాళ్లకు 2006లో అదే సంస్థ ఇచ్చిన ప్రమాణాలు వేరు. వాటికోసం ఆరు దేశాల పిల్లల్ని కొలిచారు, అందులో మన దక్షిణ ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చార్టు ఇంకొకటి. ఐఓటీఎఫ్ అనే అంతర్జాతీయ బృందం 2000లో ఇంకో దారి పట్టింది. పద్దెనిమిదేళ్ల వయసులో పెద్దవాళ్ల అధిక బరువు గీత 25, ఊబకాయం గీత 30 దగ్గరికి చేరే గీతల్ని వెనక్కి, చిన్న వయసుల్లోకి లాక్కొచ్చింది. మన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో మన దేశపు పిల్లల చార్టులు ఇస్తూ అదే పద్ధతిలో 23, 27 తీసుకుంది. మనవాళ్లకు షుగరు, బీపీ తక్కువ బరువులోనే మొదలవుతాయి గనుక గీత కిందికి దించింది.

వీటి మధ్య తేడా చిన్నది అనుకోకండి. పదేళ్లు నిండిన మగపిల్లవాడికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఊబకాయం గీత 21.4 అయితే, ఐఓటీఎఫ్ గీత 24. మీ కార్డులో ఉన్న 23.2నే నిజమనుకున్నా, మొదటి పట్టికలో వాడు ఊబకాయుడు, రెండో పట్టికలో కాస్త బరువు ఎక్కువున్న పిల్లవాడు. ఏ చార్టు ప్రకారం అని ఒక్క ముక్క రాసి ఉంటే సగం గొడవ తప్పేది.

దీనికి ఎదురు తప్పు కూడా రోజూ చూస్తుంటాను. ఫోన్‌లో బీఎంఐ యాప్ తెరిచి, పదేళ్ల పిల్ల అంకెలు కొట్టి, ‘22 వచ్చింది సార్, పాతిక లోపే కదా, నార్మల్’ అంటారు. ఆ యాప్ పెద్దవాళ్లది. 22 నాకు నార్మలే, పదేళ్ల పిల్లకు ఊబకాయం అంచు. అట్లా కొలత పేరుతోనే దాటిపోయిన పిల్లలు కూడా ఉన్నారు. మీ ఆయన ‘అంతా బోగస్’ అన్న మాటను నేను పూర్తిగా ఒప్పుకోలేకపోవడానికి ఇదొక కారణం.

పేపరు కటింగ్ సంగతికి వద్దాం. ‘జిల్లాలో ప్రతి ముగ్గురిలో ఒకరు’ అన్నది చదవగానే నేను అడిగేది ఒకటే: ఎక్కడి పిల్లల్ని కొలిచారు? కావలి, నెల్లూరు టౌన్లలో ఫీజులు కట్టే స్కూళ్లలో కొలిస్తే అంకె ఎక్కువే వస్తుంది, అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఉదయగిరి మెట్ట పిలకాయలు, చెరువు కట్టల కింద యానాది కాలనీల్లో ఉండే పిలకాయలు ఆ లెక్కలో లేకపోతే దాన్ని జిల్లా అనకూడదు, నాలుగు స్కూళ్లు అనాలి. రెండోది, అధిక బరువు ఉన్నవాళ్లనూ ఊబకాయం ఉన్నవాళ్లనూ కలిపి, హెడ్డింగులో ఒక్క ఊబకాయమే రాశారేమో చూడాలి. వార్తల్లో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇదే. ‘అధిక బరువు’ అన్న మాటకు పేపరు వాళ్ల దృష్టిలో బరువు లేదు. మూడోది, కొలిచినవాళ్లు ఏం అమ్ముతున్నారు? కార్డు వెనక కూపన్ ఉంటే ముందువైపు అంకెను కొంచెం జాగ్రత్తగా చదవాలి. కూపన్ ఉన్నంత మాత్రాన కొలత తప్పని కాదు, గీత ఎక్కడ గీస్తే ఎవరికి లాభమో తెలుసుకుని చదవాలని.

దేశం మొత్తానికి ఇళ్లకు వెళ్లి కొలిచిన లెక్కలు ఉన్నాయి. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో అధిక బరువు ఉన్నవాళ్లు సుమారు 4 శాతం, పది నుంచి పందొమ్మిదేళ్ల వాళ్లలో సుమారు 5 శాతం. అదే సర్వేలో ఆ పెద్ద పిల్లల్లో ఉండాల్సినదాని కంటే బక్కగా ఉన్నవాళ్లు దాదాపు 24 శాతం. అయిదేళ్ల లోపు పిల్లల్లో అధిక బరువు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 2015-16లో 2.1 శాతం ఉండేది, 2019-21 నాటికి 3.4 అయింది. దీన్ని ‘అరవై శాతం పెరిగింది’ అనొచ్చు, ‘వందలో ఒకరు పెరిగారు’ అనొచ్చు. రెండూ తప్పు కాదు. మొదటిదైతే పేపరు అమ్ముడవుతుంది. అదే 2019-21 సర్వేలో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 35.5 శాతం ఉన్నారన్నది ఎవరూ వాట్సాప్‌లో పంపరు.

పెరుగుదల మాత్రం నిజం. దాన్ని కొట్టిపారేయడానికి ఈ అంకెలు చెప్పలేదు.

ఇక్కడ మీ ఆయనకు రుచించని మాట ఒకటి చెప్పాలి. బీఎంఐ తప్పు చెప్పగలదు నిజమే, కానీ మనవాళ్ల విషయంలో అది ఎక్కువసార్లు తప్పేది ఉన్న కొవ్వును తక్కువ చేసి చూపడంలో. ఈ లెక్కను 1830ల్లో బెల్జియం దేశపు క్వెటెలే మొదలుపెట్టాడు. ఆయన ఖగోళం, గణాంకాలు చదివినవాడు, డాక్టరు కాదు. జనం సగటు తెలుసుకోవడానికి కట్టిన లెక్క అది. బీఎంఐ అన్న పేరు 1972లో వచ్చింది. దానికి తెలిసింది బరువు, ఎత్తు, అంతే. ఒంట్లో కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది దానికి కనబడదు. మా ఒంగోలు గిత్తను కొనేవాడు కాటా మీదికి ఎక్కించి కొనడు. మూపురం చూస్తాడు, గంగడోలు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటో పక్కపక్కనే వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు తెల్లాయనకు 9.1 శాతం, మనాయనకు 21.2 శాతం. సన్నగా కనిపించే మనవాడి ఒంట్లోనే రెట్టింపు కంటే ఎక్కువ కొవ్వు. అందుకే 21.7 వచ్చిందని, గీత కింద ఉన్నాడని ఊరుకోవడానికి లేదు. మీ వాడు ఏ పట్టిక ప్రకారం చూసినా కనీసం అధిక బరువులో ఉన్నాడు.

కాబట్టి ఇంకోసారి, సరిగ్గా కొలవండి. పొద్దున్నే అయితే మంచిది, సాయంత్రానికి మనిషి కాస్త కుంగుతాడు. బూట్లు, సాక్సు లేకుండా, అడుగున పట్టీ లేని గోడకు మడమలు, పిరుదులు, భుజాలు ఆనించి నిలబెట్టండి. చూపు ఎదురుగా ఉండాలి, గడ్డం ఎత్తకూడదు. నెత్తి మీద స్కేలు పెడితే వాలిపోతుంది, అట్ట గట్టిగా ఉన్న పుస్తకం ఒక అంచు గోడకు ఆనించి పెట్టి పెన్సిల్ గీత గీయండి. అక్కడినుంచి నేలదాకా ఇనుప టేపుతో కొలవండి. బరువు యంత్రం మీద నమ్మకం లేకపోతే సీలు విప్పని బియ్యం బస్తా ఎక్కించి చూడండి. జీఎస్టీ పుణ్యమా అని ఇప్పుడు చాలావరకు 26 కిలోలవే వస్తున్నాయి, బస్తా మీద ఎంతుందో చూసుకోండి.

తర్వాత నడుము. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్యన, ఊపిరి వదిలాక, టేపు బిగించకుండా కొలవాలి. అది ఎత్తులో సగానికి లోపు ఉండాలి. మీ వాడికి 139 అయితే 69.5. దీనికి చార్టు అక్కర్లేదు, ఏ దేశపు పిల్లలని అడగక్కర్లేదు. నా మటుకు నేను బీఎంఐ కంటే దీన్నే ముందు చూస్తాను.

ఇంకొకటి, వాడి మెడ వెనక, చంకల్లో చూడండి. చర్మం నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా ముడతలు పడి ఉందా? చాలామంది తల్లులు మట్టి అనుకుని సున్నిపిండి పెట్టి తోమీ తోమీ పిల్లవాణ్ణి ఏడిపిస్తారు. అది తోమితే పోయేది కాదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదని చెప్పే గుర్తు. అది ఉన్నా, నడుము సగం దాటినా, రాత్రి గట్టిగా గురక పెడుతున్నా, ఇంట్లో అమ్మానాన్నలకు షుగరు ఉన్నా, ఒక పిల్లల డాక్టరు దగ్గర బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించండి. ఏవీ లేకపోతే పరీక్షలకు తొందరేం లేదు.

బరువు తగ్గించే ప్యాకేజీ మాత్రం వద్దు. ఎందుకో లెక్క చూడండి. వాడు వచ్చే ఏడాదికి 144 అవుతాడనుకోండి, బరువు 42 దగ్గరే ఆగితే బీఎంఐ 20.3కి దిగుతుంది. ఒక్క కిలో తగ్గకుండా! రెండు కిలోలు పెరిగినా 21.2. ఎదిగే పిల్లవాడికి ఎత్తే మందు. వాణ్ణి పస్తు పెడితే ఆ ఎత్తుకే దెబ్బ. గుడ్డు, పప్పు, పెరుగు, చేపల పులుసు ఏదీ తగ్గించొద్దు. తగ్గించాల్సినవి మీకూ తెలుసు, ట్యూషన్ దారిలో బజ్జీలు, ఫ్రిజ్‌లో పెద్ద కూల్‌డ్రింకు సీసా. తాగడానికి సీసా ఇంట్లో లేకపోతే పేచీ రెండు రోజులుంటుంది, మూడో రోజుకు మర్చిపోతాడు. వాడు రోజుకు ఎంతసేపు పరిగెడుతున్నాడో మీరు రాయలేదు. అయిదో తరగతికి ట్యూషన్ ఎందుకో నాకెప్పుడూ అర్థం కాదు, ఆ గంట గ్రౌండుకు పంపితే నాకు వచ్చే ఉత్తరాలు సగం తగ్గుతాయి.

స్కూలుకు మీరే వెళ్లండి, ఫోన్ చేయొద్దు. టీచరు మీద గొడవకు దిగకుండా హెడ్‌మాస్టరుతో రెండు మాటలు చెప్పండి. పిల్లల కొలతలు మూసిన కవర్లో పెద్దవాళ్లకు మాత్రమే ఇవ్వాలని. వచ్చే క్యాంపులో వయసు నెలలతో సహా, చార్టు పేరుతో సహా రాయమని. రాసిస్తే ఇంకా మంచిది.

మీ అత్తగారి దిష్టి మాటను నేను తీసిపారేయను. నలుగురిలో నిలబెట్టి ఒకడి ఒంటి మీద అంకె చదివితే వాడికి తగిలింది ఏదో ఒకటి ఉంది కదా, పేరు మీరు ఏదైనా పెట్టుకోండి. వాడికి ఈ పట్టికలు, గీతలు ఏవీ చెప్పకండి. ‘ఆ రోజు సరిగ్గా కొలవలేదంట, మళ్లీ కొలుద్దాం రా అబ్బయ్యా’ అనండి చాలు. టేపు వాడి చేతికే ఇచ్చి, ముందు వాళ్ల నాన్న నడుము కొలవమనండి. 90 సెంటీమీటర్లు దాటితే ఆయన్ని కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.